మొదటి పెయింట్‌బాల్ గన్ ఎలా కొనాలి?

అమెరికాలో మనవాళ్లకి పెయింట్‌బాల్ రుచి తగిలేది ఎక్కువగా ఎవరిదో పుట్టినరోజు పార్టీలోనో, ఆఫీసు టీమ్ ఔటింగ్‌లోనో. ఫీల్డ్ వాళ్లు అద్దెకిచ్చిన గన్ ఆ పూటే రెండుసార్లు మొరాయిస్తుంది, ఇంటికొచ్చేసరికి సొంతది కొనాలన్న కోరిక పుడుతుంది. కొనుక్కోండి. కాకపోతే గన్‌తో మొదలుపెట్టకండి.

ముందు మాస్కు. బంతి చేతికి తగిలితే నాలుగు రోజులు కమిలి ఉంటుంది, కంటికి తగిలితే చూపే పోవచ్చు. పెట్టెమీద ఏఎస్‌టీఎం ఎఫ్1776 అని ఉందో లేదో చూడండి. ఎండకి పెట్టుకునే కళ్లద్దాలు, వర్క్‌షాపు అద్దాలు ఇక్కడ పనికిరావు. లెన్సు 'థర్మల్' రకమే తీసుకోండి. రెండు పొరలు ఉంటాయి కాబట్టి ఊపిరికి తొందరగా మసకబారదు. మసకబారితే మాస్కెత్తి తుడుచుకోవాలనిపిస్తుంది, కన్ను పోయే ప్రమాదం ఉన్నది అప్పుడే. కళ్లజోడు ఉన్నవాళ్లు దాంతోనే పెట్టుకుని, తల అటూ ఇటూ విదిలించి చూసుకోవాలి. డబ్బు తక్కువైతే గన్‌లో తగ్గించుకోండి, ఇందులో వద్దు.

తర్వాత మీరు ఆడబోయే ఫీల్డ్‌కి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: బంతిని తోసే గ్యాస్ సిలిండర్లో ఏం నింపుతారు? ఏ గన్ కొనాలన్నది సగం దీంతోనే తేలిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చవక, కానీ లోపల ఉండేది ద్రవం. చలిలో దాని ఒత్తిడి పడిపోతుంది, ఎండలో పెరుగుతుంది, గబగబా పేలిస్తే గన్ మంచుగడ్డలా చల్లబడుతుంది. బంతులు ఒకటి దగ్గర, ఒకటి దూరంగా పడుతుంటే చాలాసార్లు కారణం ఇదే. కంప్రెస్డ్ ఎయిర్ సిలిండర్‌కి రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి ఒత్తిడి నిలకడగా వస్తుంది. 48 క్యూబిక్ అంగుళాలు, 3000 పీఎస్ఐ అల్యూమినియం సిలిండర్ మొదటి ఏడాదికి చాలు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే మీద కొట్టిన హైడ్రో టెస్టు తేదీ చదవండి. మామూలుగా ఐదేళ్లకోసారి ఆ పరీక్ష జరగాలి, గడువు దాటినదాన్ని ఫీల్డ్‌లో నింపరు.

ఇక గన్. మెకానికల్, ఎలక్ట్రానిక్ అని రెండు రకాలు. ఎలక్ట్రానిక్ గన్ ట్రిగ్గర్ మీద వేలు ఆడిస్తే చాలు, బంతుల వాన కురుస్తుంది. కొత్తవాళ్లు మోజుపడేదీ, జేబుకి చిల్లుపడేదీ అక్కడే. చాలా ఫీల్డుల్లో బయటి బంతులు తేనివ్వరు, వాళ్ల దగ్గరే కొనాలి. 2000 బంతుల పెట్టె రెండు పూటలు రావాల్సింది ఒక్కపూటలో ఖాళీ అవుతుంది. పైగా ఎక్కువ పేలిస్తేనే గెలుస్తారనీ లేదు. 1981 జూన్‌లో న్యూ హాంప్‌షైర్ అడవిలో పన్నెండు మంది ఆడిన తొలి పెయింట్‌బాల్ ఆటలో గెలిచినాయన ఒక్కసారి కూడా పేల్చకుండానే, గెలవడానికి సేకరించాల్సిన జెండాలు పట్టుకుపోయాడు. అందుకే నా ఓటు మెకానికల్‌కే.

అందులోనూ రెండు దారులు. టిప్‌మన్ 98 లాంటివి మొరటువి, బరువైనవి, బురదలో పడినా పనిచేస్తాయి, కార్బన్ డయాక్సైడ్‌తోనూ నడుస్తాయి. ప్లానెట్ ఎక్లిప్స్ వారి ఈమెక్ ధర ఎక్కువ, చప్పుడు తక్కువ, పేలినప్పుడు చేతిలో ఎగరదు, పల్చటి పెంకు బంతుల్ని కూడా లోపల చిదమదు. దీనికి మాత్రం కంప్రెస్డ్ ఎయిరే వాడాలి. ఏది కొన్నా 0.68 క్యాలిబర్‌దే తీసుకోండి, ఎక్కడైనా దొరికే బంతులు అవే. బంతులు పోసే హాపర్ మామూలుది చాలు, బ్యాటరీది తర్వాత చూసుకోవచ్చు.

పాత గన్ బేరం చేస్తుంటే అమ్మేవాళ్ల ముందే సిలిండర్ బిగించి చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా 'స్‌స్' అని వస్తే ఎక్కడో గాలిని ఆపే ఓ-రింగ్ పోయినట్టే. అది కొద్ది డబ్బుతో అయిపోయే పని, బేరానికి అక్కరకొస్తుంది. టిప్‌మన్ రకాల్ని మాత్రం ముందు వెనక్కి లాగి కాక్ చేసి, ఆ తర్వాతే సిలిండర్ బిగించాలి. లేకపోతే గాలంతా బ్యారెల్లోంచి తుస్సుమంటుంది. గన్ చెడిపోయిందని అపోహపడి వదులుకోకండి. బ్యారెల్‌ని దీపం వైపు పెట్టి లోపలికి చూడండి, గీతలుంటే వద్దు. ఇది గన్ నుంచి ఊడదీశాకే సుమా.

మొదటిరోజు ఫీల్డ్‌లో బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు నిలబెడతారు. సెకనుకి 300 అడుగులు పైహద్దు, చాలాచోట్ల 280 దగ్గరే ఆపేస్తారు. గన్‌తో వచ్చిన ఎలెన్ కీ జేబులో పెట్టుకెళ్లండి. వేగం స్క్రూని పావు మలుపు తిప్పడం, రెండు బంతులు కొట్టడం, మళ్లీ అంకె చూడటం, అంతే పని. ఆట అయ్యాక బ్యారెల్ మూతికి తొడుగు వేశాకే మాస్కు తీయాలి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో రంగు తుడిచి, కంపెనీ చెప్పిన నూనో గ్రీజో రాయండి. డబ్ల్యూడీ-40 కొట్టారంటే ఓ-రింగులు ఉబ్బి పాడవుతాయి.

సెలవులకి ఇండియా వస్తూ తమ్ముడికి చూపిద్దామని గన్ సూట్‌కేసులో పెట్టుకోకండి. అమెరికా విమానాశ్రయంలో చెక్-ఇన్ సామానులో ఒప్పుకుంటారు, సిలిండర్‌కి వాల్వు విప్పేయాలంటారు. ఇటు దిగాక కస్టమ్స్ దగ్గర ఆయుధాల నిబంధనలు ఎదురవుతాయి. తమ్ముణ్ని ఇండియాలోనే గన్ అద్దెకిచ్చే చోటికి తీసుకెళ్లండి. మాస్కు ఒకటి తెచ్చుకుంటే ఎవరూ అడ్డుచెప్పరు.