భయమును వ్రాయువాని దినచర్య

భయము గొల్పు కథ వ్రాయుట సులభమని పిల్లలు పలువురు తలంతురు. ఒక పాడుపడిన యిల్లు, ఒక యమావాస్య రాత్రి, తలుపు కిఱ్ఱుమను చప్పుడు, ఇంతమాత్రము చాలునని వారి యభిప్రాయము. తరగతిలో స్వంతముగా కథ వ్రాయుడనినప్పుడెల్ల మాకిట్టి కథలే మిక్కుటముగా వచ్చుచుండును. మొదటి పేరాలో దయ్యము ప్రత్యక్షమగును. రెండవ పేరాలో కథానాయకుడు నిద్రనుండి మేల్కొనును. అంతటితో కథ సమాప్తము. ఇట్టి కథ యెవ్వరిని భయపెట్టజాలదు. ఏలననగా, తరువాత నేమి జరుగవలెనో వ్రాసినవానికే తెలియదు. కావున పిల్లలకు భయానక కథలు వ్రాయుటయే వృత్తిగా గైకొనిన యొక రచయిత యెట్లు పనిచేసెనో యీ వ్యాసమున విచారింతము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒహాయో రాష్ట్రమునందలి కొలంబసు నగరమున 1943వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన రాబర్టు లారెన్సు స్టైను జన్మించెను. పుస్తకములపై నతని పేరు ఆర్. ఎల్. స్టైను అని యుండును. తొమ్మిదేండ్ల ప్రాయమున నింటి అటకమీద నతనికొక టైపురైటరు దొరకెను. నాటినుండి హాస్యకథలను, చిన్న చిన్న పత్రికలను తానే తయారుచేసి తోటి పిల్లలకు పంచుచు వచ్చెను. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చదువుకొనునప్పుడు మూడేండ్లు 'సన్‌డయల్' అను హాస్యపత్రికకు సంపాదకుడై, 1965లో పట్టము పొందెను. ఒక సంవత్సరము మావలెనే బడిపిల్లలకు పాఠములు చెప్పెను. పిమ్మట న్యూయార్కు నగరము చేరి, కొంతకాలమునకు పిల్లల పుస్తకములు ప్రకటించు స్కొలాస్టిక్ సంస్థలో కుదిరెను. అచ్చట 1975 మొదలు 1984 వరకు వెలువడిన 'బనానాస్' అను హాస్యపత్రికను నడిపెను. నవ్వించు పుస్తకములనేకములు వ్రాసెను. ఇంతవరకు దయ్యముల ప్రసక్తియే లేదు!

ఒక సంపాదకురాలు కోరగా 1986లో నతడు మొదటి భయానక నవలను రచించెను. పేరును ఆమెయే సూచించెను. దానికి తగిన కథ నితడల్లెను. 1989లో పెద్ద పిల్లలకై 'ఫియర్ స్ట్రీట్' అను మాలను, 1992 జూలైలో చిన్నవారికై 'గూస్‌బంప్స్' అను మాలను ప్రారంభించెను. ఈ రెండవ పేరునకు మన భాషలో గగుర్పాటు అని యర్థము. మొదటి కొన్ని నెలలు ఈ పుస్తకములు అంతగా అమ్ముడుపోలేదు. చదివిన పిల్లలు ఒకరితో నొకరు చెప్పుకొనుటవలననే వాటికి ఆదరము కలిగెను. విద్యార్థులారా, లెక్క వేసి చూడుడు. టైపురైటరు దొరకిన నాటికి తొమ్మిదేండ్లు. ఈ మాల ప్రారంభమైన నాటికి నలువది యెనిమిది. నడుమనున్న ముప్పది తొమ్మిదేండ్లు అతడు వ్రాయుచునే యుండెను.

ఇక అతడు పనిచేయు విధము. మొట్టమొదట కథకు పేరు పెట్టును. ఆ పేరు విన్నంతనే, ఇది యెవరికి జరిగెను, ఎందుకు జరిగెను అను ప్రశ్నలు పుట్టును. పిమ్మట నొక్కొక్క అధ్యాయములో నేమి జరుగునో, కథ యెట్లు ముగియునో వివరముగా ప్రణాళిక వ్రాసికొనును. ముగింపు తెలియనిదే కథ నారంభింపడు. అటుపైన దినమునకు రమారమి 2,000 మాటల చొప్పున వ్రాసికొనుచు పోవును. అదియును ఒక్క వ్రేలితో టైపు చేయుటయే యతని యలవాటు! 1992 జూలై మొదలు 1997 డిసెంబరు వరకు, అనగా 66 నెలలలో, ఈ మాలలో 62 పుస్తకములు వెలువడెను. ఉత్సాహము వచ్చిననాడు మాత్రమే వ్రాయువాడు ఇంత పని చేయగలడా?

అతని కథలకు వస్తువు ఇంటిలోనే దొరకిన సందర్భములును గలవు. ఒకనాడు చిన్నవాడైన కుమారుడు రబ్బరు ముఖమూడి నొకదానిని తగిలించుకొని, ఊడదీయజాలక పెనుగులాడుచుండెను. తండ్రి దానిని చూచుచు, ఇది కథ యగునుగదా యని తలపోసెను. ఊడిరాని ముఖమూడిని గూర్చిన 'ది హాంటెడ్ మాస్క్' అను పుస్తకము 1993లో వెలువడెను. పదుగురు చూచి నవ్వి మరచు దానిని కథకుడు పట్టి నిలుపుకొనును.

హాస్యము వ్రాసిన చేయి భయమును వ్రాయుట వింత యని కొందరికి తోచవచ్చును. మాకట్లు తోచదు. రెండింటను చదువరి ఒకటి జరుగునని యెదురుచూచును. కథకుడు మరియొకటి జరిపించును. సమయము తప్పినచో నవ్వును రాదు, భయమును రాదు. అందువలననే అతడు అధ్యాయము చివర గుండె ఝల్లుమనునట్లు చేసి, తరువాతి పుటలో నది పిల్లి యనియో, తమ్ముని కొంటెపని యనియో తేల్చివేయును. చదువరి నవ్వి, ఊపిరి తీసికొని, మరల ముందుకు పోవును.

ఇచ్చట తలిదండ్రులు మమ్మడుగదగిన ప్రశ్న యొకటి కలదు. ఇట్టి పుస్తకములు పసివారి మనస్సునకు హాని చేయవా? అమెరికాలోనే 1990 మొదలు 1999 వరకు గ్రంథాలయములనుండి తీసివేయవలెనని తరచుగా కోరబడిన పుస్తకముల జాబితాలో ఈ మాలయు చేరినది. కావున ఈ శంక త్రోసివేయదగినది కాదు. బిడ్డలందరి గుండె ఒక్కటి కాదు. ఒకనికి వినోదమైనది మరియొకనికి నిద్ర చెఱచును. రచయితయు కొన్ని హద్దులు పెట్టుకొనెను. పిల్లలకు నిజముగా తటస్థించు దుఃఖములను, అనగా తలిదండ్రులు విడిపోవుట, మత్తుమందులు మొదలగువానిని, ఈ కథలలోనికి రానీయడు. భయము కల్పితమని చదువరికి తెలియుచుండవలెననియే యతని నియమము. పుస్తకము మూసినంతనే దయ్యము పోవలెను. దీపము, అన్నము, అమ్మ మిగిలియుండవలెను. అయినను బిడ్డ యెంతవరకు తాళగలడో తెలిసికొనవలసినది గ్రంథకర్త కాదు, ఇంటివారు. కావున బిడ్డ చదువు పుస్తకమును మీరును చదివి చూడుడు. రాత్రి దీపమార్పవలదని వాడు కోరినచో పరిహసింపక, కథలోని యే భాగము భయపెట్టెనో మెల్లగా నడుగుడు. చెప్పుకొన్న భయము సగము తీరును.

విద్యార్థులకు మేమిచ్చు పని చిన్నది. ఈ సెలవులలో నొక కథ వ్రాయుడు. మొదట పేరు, తరువాత ముగింపు, ఆపైన పది వాక్యములలో ప్రణాళిక, కడపట కథ. దినమునకు ఒక్క పుట చాలును, గాని యొక్క దినమైనను మానరాదు. దయ్యమును మాత్రము మొదటి పేరాలో రానీయకుడు. బడి తెరచిన పిదప మీ కథలను మేము చదివెదము. మమ్ము భయపెట్టగలిగినవారిని తప్పక మెచ్చుకొందుము.