పెద్ద జంతువుకు పెద్ద తుపాకీ ఉంటే చాలా? మాగ్నమ్ రైఫిల్ వెనుక భౌతికశాస్త్రం

ఏడెనిమిది వందల కిలోల ఆఫ్రికా అడవి దున్న. యాభై మీటర్ల దూరంలో వేటగాడు. బుల్లెట్ గుండె దాకా చేరితే జంతువు త్వరగా కూలిపోతుంది. చర్మం, పక్కటెముకల దగ్గరే ఆగిపోతే గాయంతో పొదల్లోకి పారిపోయి రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. వెతుక్కుంటూ వచ్చిన మనిషి మీదికి తిరగబడుతుంది కూడా.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి వేట నేరం. నమీబియా వంటి ఆఫ్రికా దేశాల్లోనూ, అమెరికాలోనూ లైసెన్సుతో అనుమతిస్తారు. అక్కడ ఏ రైఫిల్, ఏ బుల్లెట్ వాడాలనే ప్రశ్నకు జవాబు చాలావరకు మనం ఇంటర్మీడియట్‌లో చదివిన సూత్రాల్లోనే ఉంది.

మాగ్నమ్ అంటే ఏమిటి?

తూటాలో బుల్లెట్, మందు, గొట్టం ఉంటాయి. గొట్టం పెద్దదైతే మందు ఎక్కువ పడుతుంది, బుల్లెట్ వేగం పెరుగుతుంది. ఇలాంటి తూటాలనే మాగ్నమ్ అంటారు. పెద్ద వైన్ సీసాకు ఉన్న పేరే వీటికీ వచ్చింది. 1912లో హాలండ్ అండ్ హాలండ్ సంస్థ తెచ్చిన .375 మాగ్నమ్ వీటిలో ప్రసిద్ధమైనది. దాని బుల్లెట్ బరువు 300 గ్రెయిన్లు, అంటే సుమారు 19.4 గ్రాములు. వేగం సెకనుకు దాదాపు 770 మీటర్లు. గతిజశక్తి సూత్రంలో ఈ విలువలు వేస్తే సుమారు 5,750 జౌళ్లు వస్తుంది. నమీబియా నిబంధనల ప్రకారం ఏనుగు, అడవి దున్న వంటి జంతువులకు కనీసం 5,400 జౌళ్లు ఉండాలి. అంటే .375 ఆ గీతను కొద్దిలోనే దాటుతుంది.

శక్తి ఒక్కటే లెక్క కాదు

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో డబ్ల్యు.డి.ఎం. బెల్ అనే స్కాట్లండ్ వేటగాడు దంతాల కోసం వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. నేడు వింటే మనసు కలుక్కుమనే లెక్క అది. వాటిలో ఎక్కువ భాగం .275 రిగ్బీ అనే చిన్న రైఫిల్‌తో చంపినవే. చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చిందీ ఆ రకం రైఫిలే. బెల్ వాడిన బుల్లెట్ 11.2 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 700 మీటర్లు. శక్తి సుమారు 2,750 జౌళ్లు. అంటే .375లో సగం కూడా లేదు. మరి అది ఏనుగు పుర్రెలోకి ఎలా దూసుకెళ్లింది?

గునపాన్ని గుర్తు తెచ్చుకోండి. మొన సన్నగా, బరువు ఎక్కువగా ఉంటుంది కాబట్టే గట్టి నేలలోకి దిగుతుంది. అంతే బరువున్న వెడల్పాటి ఇనుప పలకను విసిరితే దిగదు. బుల్లెట్‌కూ ఇదే వర్తిస్తుంది. దాన్ని ఆపే నిరోధం ముందు భాగపు వైశాల్యంతో పాటు పెరుగుతుంది. అందుకే బరువును మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగించి చూడాలి. బెల్ బుల్లెట్ వ్యాసం 7.2 మిల్లీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు సుమారు 27 గ్రాములు వస్తుంది. .375 బుల్లెట్ వ్యాసం 9.5 మిల్లీమీటర్లు. దానికీ సుమారు 27 గ్రాములే! చొచ్చుకుపోవడంలో చిన్న రైఫిల్ వెనుకబడకపోవడానికి ఒక కారణం ఇది. రెండో కారణం, బెల్ వాడినవి ఆకారం చెదరని గట్టి తొడుగు బుల్లెట్లు. మూడోది, ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుంటుందో అతడు కోసి చూసి తెలుసుకున్నాడు.

మరి చట్టం ఎక్కువ శక్తిని ఎందుకు కోరుతుంది? అందరూ బెల్ అంత గురిగా కాల్చలేరు కాబట్టి. బరువైన, వెడల్పైన బుల్లెట్ భుజం ఎముకను విరిచి, పెద్ద గాయం చేసి, చిన్న పొరపాటుకు కాస్త వెసులుబాటు ఇస్తుంది.

వేగం ఎదురు తిరిగితే

1946లో కెనడాలో జాన్ నోస్లర్ అనే అమెరికన్ .300 మాగ్నమ్‌తో మూస్ అనే భారీ దుప్పిని కాల్చాడు. బుల్లెట్లు లోపలికి దిగకుండా పైనే చితికిపోయాయి. మెత్తని సీసం బుల్లెట్ అధిక వేగంతో తగిలితే అతిగా విచ్చుకుంటుంది. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. చదరపు సెంటీమీటరు మీద పడే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే నోస్లర్ బుల్లెట్ మధ్యలో లోహపు అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనుక సగం బరువు నిలుపుకుని లోపలికి వెళ్తుంది. దుప్పి జాతులకు ఇలాంటి విచ్చుకునే రకం సరిపోతుంది. ఏనుగుకైతే ఆకారం మారని గట్టి రకమే కావాలి.

భుజం మీద పడే లెక్క

ద్రవ్యవేగ నిత్యత్వం ఎవరినీ వదలదు. .375 బుల్లెట్‌ను ఒక్కదాన్నే లెక్కేసినా 4 కిలోల రైఫిల్ సెకనుకు 3.7 మీటర్ల వేగంతో భుజాన్ని తన్నుతుంది. మందు నుంచి వెలువడే వాయువుల వల్ల అది ఇంకా పెరుగుతుంది. ఆ దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకునేవారికి మాగ్నమ్ వల్ల ఒరిగేదేమీ లేదు.

వేట ముగిశాక మిగిలేది

బుల్లెట్ నుంచి రాలిన సీసం రేణువులు కళేబరంలో, వదిలేసిన పేగుల్లో ఉండిపోతాయి. వాటిని తిన్న పక్షులకు విషమెక్కుతుంది. 1982లో 22 మాత్రమే మిగిలిన కాలిఫోర్నియా కాండోర్ అనే భారీ రాబందుకు నేటికీ ఇదే పెద్ద ముప్పు. అందుకే ఆ రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. మన రాబందులను పశువుల మందు డైక్లోఫెనాక్ చంపింది. విషం వేరు, అది చేరిన దారి మాత్రం ఒకటే: కళేబరం.

సీసానికి బదులు రాగి వాడొచ్చు. అది తేలిగ్గా ముక్కలవదు. అయితే సీసం సాంద్రత 11.3, రాగిది 9 లోపే. అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవవుతుంది. పొడవైన బుల్లెట్ గాలిలో తిన్నగా సాగాలంటే మరింత వేగంగా తిరగాలి. కాబట్టి గొట్టం లోపలి మెలికలు అందుకు సరిపోతాయో లేదో చూసుకోవాలి.

మొత్తం మీద ఎంపిక జరగాల్సిన వరుస ఇది: ముందు జంతువు, తర్వాత దానికి తగిన బుల్లెట్, ఆ తర్వాత మనిషి బెదరకుండా కాల్చగల రైఫిల్. పేరులోని మాగ్నమ్ చివర్లో వస్తుంది. ఈ వరుస తలకిందులైతే ఆ తప్పుకు మూల్యం చెల్లించేది గాయంతో పారిపోయిన జంతువు, దాని మిగులు తిన్న పక్షి.