కొత్త పైలట్ సంచిలో ఏముండాలి?

ప్రశ్న: మా అబ్బాయి వచ్చే నెల హైదరాబాద్‌లో కో-పైలట్‌గా చేరుతున్నాడు. వెంట ఏమేం ఉంచుకోవాలి?

జవాబు: ముందు కాగితాలండీ. పైలట్ లైసెన్సు, రేడియో లైసెన్సు, క్లాస్ 1 మెడికల్, ఎయిర్‌పోర్టు పాసు. పాసు ఇంట్లో మరిచిపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. తర్వాత మంచి టార్చి. బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూడాలి. రాత్రిపూట చక్రాల గూళ్లలోకి ఫోన్ వెలుగు చాలదు. చూపుకి కళ్లద్దాలుంటే రెండో జత తప్పనిసరి. చలువ కళ్లద్దాలు పోలరైజ్డ్‌వి వద్దు, కాక్‌పిట్ తెరలు మసకబారతాయి. హెడ్‌సెట్ మాత్రం సంస్థను అడిగాకే కొనండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ అసలు పెట్టుకోవద్దు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఒప్పుకోవు, పైగా డ్యూటీకి ముందు శ్వాస పరీక్ష ఉంటుంది.