స్ప్రేయరులో మిగిలిన పెట్రోలు – ఇథనాల్ లేని ఇంధనం మనకు ఎప్పుడు కావాల?



ఈ నెల పాఠం మన చిన్న ఇంజన్ల గురించి. పవర్ స్ప్రేయరు, బ్రష్ కట్టరు, పవర్ వీడరు, ఆకు మోసే పాత మోపెడ్డు, కొందరి ఇండ్లలో ఇంకా తిరుగుతున్న జావా, యెజ్డీ, రాజ్‌దూత్ బండ్లు. వీటన్నిటికీ తిండి ఒకటే, పెట్రోలు. కొన్నేండ్లలో ఆ తిండి మారిపోయింది. మన పాత ఇంజన్లు మాత్రం అట్లనే ఉన్నాయి.

మమ్మల్ని చాలామంది అడిగే ప్రశ్న ఇది: "ఇథనాల్ లేని పెట్రోలు యాడ దొరుకుతుంది? దానికి అంత రేటు పెట్టచ్చునా?" ముందే జవాబు చెప్తాము. రోజూ తిరిగే బండికి పైపు, జెట్టు సరి చేసుకుంటే చాలు. వారాల కొద్దీ మూలన నిలిచే ఇంజనులో మాత్రం ఇథనాల్ పెట్రోలు వదిలిపెట్టకూడదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

*1. పెట్రోలులో ఏం మారింది?*

ఇథనాల్ అంటే సారాయి జాతి ద్రవం. చెరకు రసం, మొలాసిస్, నూకలు, మొక్కజొన్న నుంచి తీస్తారు. 2022లో దేశమంతా సగటున 10 శాతం కలిపే స్థాయికి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే 20 శాతం పెట్రోలు, అంటే ఈ20, అమ్మకం మొదలైంది. మొదట 2030కి అనుకున్న 20 శాతం గురిని 2025కే ముందుకు జరిపారు. దీనివల్ల చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ పెరిగింది, బయటి దేశాల నుంచి కొనే చమురు తగ్గింది. అది మంచిదే. కొత్త బండ్లను దీనికి తగిన రబ్బరు, లోహంతో చేస్తున్నారు. తంటా అంతా పాత ఇంజన్లకు, ఎక్కువ కాలం నిలిచే ఇంజన్లకు.

ఇథనాల్‌కు ఉన్న గుణాలు మూడు గుర్తు పెట్టుకోవాల.

మొదటిది, నీళ్లను కలుపుకుంటుంది. ఉత్త పెట్రోలులో నీళ్లు పడితే వెంటనే అడుగుకు చేరతాయి. ఇథనాల్ ఉన్న పెట్రోలు ఆ నీళ్లను తనలో కలిపేసుకుంటుంది.

రెండోది, పాత రబ్బరును, కార్కును, కొన్ని ప్లాస్టిక్కులను ఉబ్బిస్తుంది లేదా గట్టిపరుస్తుంది. తడితో కలిస్తే ఇనుప ట్యాంకుకు తుప్పు, కార్బురేటరు లోహానికి తెల్ల పొడి పడతాయి.

మూడోది, దానికి గాలి తక్కువ చాలు. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 కిలోల గాలి కావాల. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త బండ్లలో కంప్యూటరు దీన్ని సరిచేసుకుంటుంది. కార్బురేటరు జెట్టుకు ఆ తెలివి లేదు. అందుకే ఈ20 పోసిన పాత ఇంజను 'లీన్'గా, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువగా నడుస్తుంది. వేడి పెరుగుతుంది. ఇంకా, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి మూడింట రెండు వంతులే. ఆ లెక్కన ఈ20లో లీటరుకు 6–7 శాతం శక్తి తక్కువ.

*2. పెట్రోలు 'విరగడం' అంటే ఏమి?*

పాలు విరిగినట్టే పెట్రోలు కూడా విరుగుతుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు మామూలు వేడిమిలో దగ్గర దగ్గర 5 ఎం.ఎల్. నీళ్లను మోస్తుంది, అంటే ఒక టీ స్పూను. ఈ20 ఇంకొంచెం ఎక్కువ మోస్తుంది. ఆ హద్దు దాటిందంటే, లేదా రాత్రి చలికి వేడిమి పడిపోయిందంటే, ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. పైన ఇథనాల్ పోయిన, ఆక్టేన్ తగ్గిన పెట్రోలు మిగుల్తుంది.

నీళ్లు యాడ నుంచి వస్తాయి? గాలిలో తడి నిదానంగా పడుతుంది. సగం ఖాళీ ట్యాంకులో పగటి వేడికి, రాత్రి చలికి లోపలి గోడలకు చెమ్మ పడుతుంది. మూత సరిగా లేకపోతే వాన నీళ్లు దిగుతాయి. తడి క్యానులో పెట్రోలు పట్టించినా అంతే.

*3. టూ స్ట్రోకుకు ముప్పు ఎక్కువ*

చాలా బ్రష్ కట్టర్లు, పాత మోపెడ్లు, జావా, యెజ్డీ, రాజ్‌దూత్ అన్నీ టూ స్ట్రోకులే. వీటికి ఆయిలు పెట్రోలులోనే కలిపి పోస్తాము. పెట్రోలు విరిగినప్పుడు ఆయిలు పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజను పీల్చేది ట్యాంకు అడుగు నుంచి. అంటే లోపలికి పోయేది ఆయిలు లేని నీళ్ల ఇథనాల్. ఇంజను స్టార్టు కాకపోతే అదృష్టం. స్టార్టు అయి కొంచెంసేపు నడిస్తే పిస్టను పట్టేస్తుంది, బోరు పని పడుతుంది.

కొందరు "పెట్రోలు బలం తగ్గింది కదా" అని ఆయిలు ఎక్కువ పోస్తారు. ఇది మందు కాదు. ఆయిలు పెరిగితే అదే జెట్టులో పెట్రోలు ఇంకా తగ్గి, లీన్ ఇంకా ఎక్కువవుతుంది. యంత్రం పుస్తకంలో చెప్పిన కొలతే పోయాల. 50కి 1 అంటే లీటరుకు 20 ఎం.ఎల్., 25కి 1 అంటే లీటరుకు 40 ఎం.ఎల్.

*4. పట్టు రైతుకు ఇది ఎందుకు పెద్ద విషయం?*

మన స్ప్రేయరు పని లెక్క చూడండి. గూళ్లు విడిపించినాక ఒకసారి షెడ్డు శుద్ధి, మళ్లీ పురుగు రాకముందు ఒకసారి. మధ్యలో పురుగు మేసి, గూడు కట్టే నెల రోజులు అది మూలన ఉంటుంది. అంటే మన పద్ధతే పెట్రోలును నిలవ పెట్టే పద్ధతి. పైగా చాలామంది స్ప్రేయరును షెడ్డులోనే పెడతారు. పురుగు కోసం అక్కడ తడి 70 శాతం పైన ఉంచుతాము. బ్లీచింగు ఆవిరి వేరే ఉంటుంది. ఇథనాల్ పెట్రోలుకు, ఇనుప ట్యాంకుకు అంతకన్నా చెడ్డ చోటు లేదు.

చాకి కేంద్రం వాళ్లు ఇచ్చిన తారీకు జరగదు. రెండో జ్వరం లేచిన పురుగు మన కోసం ఆగదు. 2 శాతం బ్లీచింగును 0.3 శాతం సున్నపు నీళ్లలో కలిపి, షెడ్డు గోడలు, స్టాండ్లు, పైకప్పు తడిసేటట్టు ప్రెజరుతో కొట్టాల. ఆ రోజు స్ప్రేయరు లేవకపోతే చెంబుతో చల్లి మమ అనిపిస్తాము. పైమూలల్లో, సందుల్లో మందు తగలదు. పోయిన పంటలో మిగిలిన పాల రోగం, సున్నపుకట్టు రోగం విత్తనం అక్కడే ఉంటుంది. దాని ఫలితం అయిదో దశలో, ఆకు ఖర్చంతా పెట్టినాక తెలుస్తుంది. గుక్కెడు పాత పెట్రోలు వల్ల పంటంతా పోగొట్టుకున్నట్టు అవుతుంది.

*5. ఇథనాల్ ఉందా లేదా – నీళ్ల పరీక్ష*

ఆరుబయట, పొయ్యికి, బీడీకి దూరంగా చెయ్యాల. 100 ఎం.ఎల్. గీతలున్న, మూత గట్టిగా పడే గాజు సిలిండరు కావాల.

• 10 గీత దాకా నీళ్లు పోయండి.
• దాని మీద 100 గీత దాకా పెట్రోలు పోయండి.
• మూత పెట్టి మెల్లగా ఊపండి. మధ్య మధ్యలో మూత వదులు చేసి ఆవిరి విడవండి.
• పది నిమిషాలు కదపకుండా పెట్టి, అడుగు పొర యాడికి వచ్చిందో చూడండి.

అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 19 దగ్గరకు వస్తే 10 శాతం. 28 దగ్గరకు వస్తే 20 శాతం. పరీక్ష చేసిన పెట్రోలును మళ్లీ ట్యాంకులో గానీ, మల్బరీ తోటలో గానీ పోయవద్దు. మెకానిక్కు దగ్గర వేస్టు ఆయిలు డబ్బాలో పోయించండి.

ఇదే పద్ధతిలో ఇంట్లో నీళ్లతో 'కడిగి' ఇథనాల్ తీసేయచ్చని కొందరు చెప్తారు. వద్దు. కంపెనీ ఆ పెట్రోలును ఇథనాల్ కలుస్తుందన్న లెక్కతోనే తయారు చేస్తుంది. ఇథనాల్ పోతే ఆక్టేన్ పడిపోయి ఇంజను కొట్టుకుంటుంది. నిప్పు ప్రమాదం సరేసరి.

*6. ఇథనాల్ లేని దారులు*

అ) 100 ఆక్టేన్ పెట్రోలు. మన దేశంలో 2020 డిసెంబరు నుంచి పెద్ద ఊర్లలో కొన్ని బంకుల్లో అమ్ముతున్నారు. మామూలుదాని కన్నా లీటరుకు 50 రూపాయల పైనే ఎక్కువ. ఆక్టేన్ వేరు, ఇథనాల్ వేరు. 'ప్రీమియం' అని రాసినవన్నీ ఇథనాల్ లేనివి కావు. మొదటిసారి కొన్నప్పుడు అర లీటరు తెచ్చి పైన చెప్పిన పరీక్ష చెయ్యండి. అది నెగ్గితే, ఏడాదికి కొన్ని లీటర్లే తాగే బ్రష్ కట్టరుకు, ఎప్పుడో ఒకసారి బయటికి తీసే పాత బండికి ఆ ఖర్చు గిట్టుతుంది. రోజూ ఆకు మోసే మోపెడ్డుకు గిట్టదు.

ఆ) ఆల్కిలేట్ పెట్రోలు. స్వీడన్ లాంటి దేశాల్లో అడవి పని చేసేవాళ్లు రంపాలకు, కట్టర్లకు ఇది వాడతారు. ఇథనాల్ ఉండదు, బెంజీన్ దాదాపు ఉండదు, మూత తీయకపోతే ఏండ్లు నిలుస్తుంది. సీల్ డబ్బాల్లో వస్తుంది, రేటు చాలా ఎక్కువ. మన బంకుల్లో దొరికే సరుకు కాదు.

ఇ) కిరోసిన్. పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌తో నడపడానికే చేసిన ఇంజన్లకు మాత్రమే. మామూలు పెట్రోలు ఇంజనులో పోస్తే కొట్టుకుంటుంది, ఇంజన్ ఆయిలు పలచబడుతుంది.

ఈ) కరెంటు. షెడ్డు పనికి మా లెక్కలో ఇదే మేలు. స్ప్రేయరు పంపు మంచిదై, ఇంజనే తంటా పెడుతుంటే, పంపుకు బెల్టుతో కరెంటు మోటరు బిగించచ్చు. పెట్రోలు లేదు, పొగ లేదు. తడి చోట పని కాబట్టి ఎర్తింగు తప్పనిసరి. తోటలో చిన్న పనికి బ్యాటరీ స్ప్రేయరు చాలు.

*7. పాత బండ్లకు*

జావా, యెజ్డీలు మన మైసూరులోనే పుట్టినవి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. టీవీఎస్ 50 హోసూరులో 1980లో వచ్చింది. ఇవన్నీ ఇథనాల్ ఊసు లేని కాలానికి చేసినవి. రోజూ నడిపేటట్టయితే ఈ పనులు చేయించండి:

• పెట్రోలు పైపు, కాక్ వాషర్లు, ఫ్లోటు గిన్నె ప్యాకింగు ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి. వైటన్ రబ్బరు అని అడగండి. కార్కు వాషరు తీసేయండి.
• ట్యాంకు లోపల తుప్పు కడిగించండి. ఇథనాల్ పాత మడ్డిని కరిగించి తెస్తుంది, అందుకే మొదట్లో ఫిల్టరు తరచుగా అడ్డు పడుతుంది.
• ప్లగ్గు రంగు చూడండి. టీ రంగుంటే సరి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లీన్. మెకానిక్కుతో మెయిన్ జెట్టు ఒక సైజు పెంచించండి.

*8. నిలిపే ముందు చేసే పని*

ఇథనాల్ లేకపోయినా పాత పెట్రోలు పాతదే. తేలికైన భాగం ఆవిరై జిగురు మిగుల్తుంది. కాబట్టి రెండు వారాల పైన నిలిచే ప్రతి ఇంజనుకూ ఇది చెయ్యాల:

• ట్యాంకులో పెట్రోలు వంచి, అదే వారం మోపెడ్డులో వాడేయండి. ఆయిలు కలిపినదైతే టూ స్ట్రోకులోనే పోయాల.
• ఇంజను స్టార్టు చేసి, దానంతట అది ఆగేదాకా నడపండి.
• ఫ్లోటు గిన్నె ఉన్న కార్బురేటరైతే కింది స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలు దించండి. బ్రష్ కట్టరైతే ప్రైమరు బుడ్డ నొక్కి ఖాళీ చేయండి.
• యంత్రాన్ని, క్యానును పురుగు షెడ్డులో గానీ, ఆకు గదిలో గానీ పెట్టవద్దు. పెట్రోలు వాసన పట్టిన ఆకును పురుగు ముట్టదు.
• పెట్రోలు పదిహేను రోజులకు సరిపోయేంతే తెండి. క్యాను మీద తెచ్చిన తారీకు రాయండి.

*ఈ వారం అభ్యాసం*

మీ స్ప్రేయరు ట్యాంకు మూత తీసి, ఉన్న పెట్రోలును గాజు సీసాలోకి వంచి పది నిమిషాలు పెట్టండి. అడుగున వేరే పొర గానీ, మబ్బు గానీ కనిపిస్తే అది ఇంజనుకు పనికిరాదు. చాకి వచ్చే తారీకుకు వారం ముందే ఒకసారి స్ప్రేయరు స్టార్టు చేసి చూసుకోండి. మీకు కనిపించింది ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఏ ఇంజను, ఎన్ని రోజులు నిలిచింది అని కూడా రాయండి. అందరికీ పనికొస్తుంది.