చలికాలపు వెన్న, వేసవి ఐస్‌క్రీం

జగ్గయ్యపేట, నందిగామ వైపు పాడి ఉన్న ఇళ్లలో పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: "తాతయ్యా, పాల కేంద్రానికి పోస్తే వచ్చేది ఇంతే కదా, ఐస్‌క్రీం పెడితే ఎలా ఉంటుంది?" పెట్టొచ్చు. పెట్టేముందు నాకు తెలిసినవి వినండి.

1. ముందు కాలం లెక్క చూసుకోండి. మన గేదెలు ఎక్కువగా శ్రావణం నుంచి సంక్రాంతి లోపు ఈనుతాయి. పాలు పొంగిపొర్లేది చలికాలంలో. ఐస్‌క్రీం అడిగేదేమో ఏప్రిల్, మే నెలల్లో. నందిగామలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఆ రోజులకు చాలా గేదెలు వట్టిపోయి ఉంటాయి, పచ్చిగడ్డి దొరకదు. అంటే గిరాకీ ఉన్నప్పుడు పాలుండవు, పాలున్నప్పుడు గిరాకీ ఉండదు. ఈ వ్యాపారంలో నిలిచేదీ పోయేదీ ఇక్కడే తేలుతుంది. అందుకే అసలు పని డిసెంబరు, జనవరిలో జరగాలి. మిగిలిన పాలు సెపరేటర్‌కి పట్టి, మీగడ వేడి చేసి చల్లార్చి, వెన్న తీసి, ఉప్పు కలపకుండా మైనస్ 18 డిగ్రీల్లో దాచాలి. వేసవిలో ఆ వెన్న, పాలపొడి, ఉన్న కాసిని పాలు కలిస్తే ఐస్‌క్రీం మిశ్రమం తయారు. వెన్న తీసిన పాలను తోడేసి అమ్మండి, కానీ వెన్న తీసినవేనని చెప్పి అమ్మండి.

2. పాలు చిక్కగా ఉంటే చాలదు. ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఐస్‌క్రీంలో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. 7 శాతం వెన్న ఉన్న 100 కిలోల గేదె పాలలో 15 కిలోల పంచదార కలిపితే కొవ్వు 6 శాతం దగ్గరే ఆగిపోతుంది. దాన్ని 'మీడియం ఫ్యాట్' అని రాసి అమ్మాలి, లేదా వెన్న కలిపి 10కి తేవాలి. మిశ్రమాన్ని 69 డిగ్రీల దగ్గర అరగంట కాచి, వెంటనే చల్లబరిచి, 4 డిగ్రీల్లో ఒక రాత్రి ఉంచాకే యంత్రంలో పోయాలి. ఆ రాత్రి నిల్వే నునుపు తెస్తుంది. తొందరపడి మానేస్తే ఆ నునుపు రాదు.

వనస్పతితోనో వంటనూనెతోనో చేసినదాన్ని 'ఫ్రోజెన్ డెజర్ట్' అనే అనాలి. గేదెలున్న ఇంట్లో ఆ పని దేనికి? మనకున్న బలమే పాల కొవ్వు. కప్పు మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయించండి.

3. కుల్ఫీతో మొదలుపెట్టండి. మా ఇంట్లో మొదలైంది అలాగే. పాలు సగానికి మరిగిస్తే నీరు పోయి కొవ్వు దానంతట అదే 10 దాటుతుంది. ఐస్‌క్రీం లీటరు బరువు 525 గ్రాములున్నా నిబంధన ఒప్పుకుంటుంది, మిగతాది యంత్రం చిలికి ఎక్కించిన గాలి. కుల్ఫీకి గాలీ అక్కర్లేదు, ఆ ఖరీదైన యంత్రమూ అక్కర్లేదు. మా కోడలు మే నెలలో నూజివీడు రసాల గుజ్జు కలుపుతుంది. మిశ్రమం పూర్తిగా చల్లారాకే కలపాలి, వేడి మీద పోస్తే పాలు విరుగుతాయి.

4. అమ్మకం ముందు చూసుకుని తయారీ మొదలుపెట్టండి. చెన్నై రాయపురంలో 1970లో చిన్నగా మొదలైన అరుణ్ ఐస్‌క్రీం, పెద్ద కంపెనీలు పట్టించుకోని చిన్న పట్నాలకు వెళ్లి పెరిగింది. పాలలోకి ఆ తర్వాతే దిగింది. 1946లో సహకార సంఘంగా మొదలైన అమూల్ 1996లో గాని ఐస్‌క్రీం జోలికి రాలేదు. ఐస్‌క్రీం నుంచి పాలకు వెళ్లినా, పాల నుంచి ఐస్‌క్రీంకు వచ్చినా తొందర లేదు. మనకు దగ్గరి దారి పెళ్లిళ్లు: ఎన్ని కప్పులో ముందే తెలుస్తుంది, అడ్వాన్సు వస్తుంది, సరుకు మిగలదు. తర్వాత పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు, హైదరాబాద్ రోడ్డు మీద ఆగే కార్లు. కిరాణా కొట్టుకు ఫ్రీజర్ ఇచ్చి అరువు పెట్టడం చివరి మాట.

5. కరెంటు పోతే సరుకు పోయినట్టే. జనరేటర్ లేకుండా మొదలుపెట్టొద్దు. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించి అమ్మడం పాపం, తినేది ఎక్కువగా పసిపిల్లలు.

6. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీం మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే. కానీ చిన్న వ్యాపారులు సులువు లెక్కలతో పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతి ఐస్‌క్రీం తయారీదారుకు వర్తించదు, కాబట్టి లెక్కలు మొదటి రోజు నుంచీ రాయాలి. పెట్టుబడికి, చిన్న ఆహార తయారీదారుల కోసం కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఇస్తూ వచ్చారు. ఇప్పుడు ఉందేమో అడగండి.

7. పాల కేంద్రాన్ని వదలొద్దు. విజయకు పోసినా మరో డెయిరీకి పోసినా ఆ పద్దు నడుస్తూనే ఉండాలి. వానాకాలంలో ఐస్‌క్రీం అడిగేవాడు ఉండడు, దాణా ఖర్చు మాత్రం ఆగదు. సగం పాలకు మించి ఐస్‌క్రీంకు మళ్లించకండి. మిగతా సగం పన్నెండు నెలలూ కేంద్రానికే పోయండి.