అప్రెంటిస్‌ల చట్టం: సవరణ అమలును అంచనా వేయడం ఎలా?

పనిచేస్తూ వృత్తి నేర్చుకునే అప్రెంటిస్‌ల కోసం 1961లో వచ్చిన చట్టం 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులకూ వర్తించగా, 2014 సవరణ ఇతర పట్టభద్రులకూ తలుపు తెరిచి, యజమానులకు జైలుశిక్షను తొలగించి జరిమానాతో సరిపెట్టింది. తార్నాక మీదుగా ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలకు చేరే విద్యార్థికి ఆ తలుపు నిజంగా తెరుచుకుందా అన్నది తేల్చాలంటే, చూడ్డానికి ఘనంగా కనిపించే ధ్రువపత్రాల లెక్క చాలదు; నమోదైన ఒప్పందాలను, బ్యాంకు ఖాతాలో పడిన స్టైపెండ్‌ను, అంటే శిక్షణకాలపు భత్యాన్ని, మధ్యలో మానేసినవారి సంఖ్యను కలిపి పరిశీలించాలి. ఒప్పందాల సంఖ్యను పోల్చి చూసేందుకు కొలమానం నిబంధనల్లోనే ఉంది: 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు ఆ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నవాటికి అది ఐచ్ఛికం.