పాత పేరు దిగాలి, కొత్త పేరు నిలవాలి

క్లీవ్‌లాండ్ అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది ఏటా అక్కడ జరిగే త్యాగరాజ ఆరాధన. ఆ ఊరివాళ్లకు బేస్‌బాల్ ప్రాణం. అక్కడి జట్టు 1915 నుంచి 2021 దాకా ‘ఇండియన్స్’ అన్న పేరుతో ఆడింది. ఆ పేరులోని ఇండియన్స్ అమెరికా మూలవాసులు, మనం కాదు. వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు అదే మూలవాసుల ఒంటి రంగును పట్టుకుని పెట్టిన ‘రెడ్‌స్కిన్స్’ పేరును 1933 నుంచి 2020 దాకా వాడుకుంది. ఈ రెండు పేర్లూ ఎలా దిగాయో, వాటి స్థానంలోకి కొత్తవి ఎలా తయారై వచ్చాయో వరుసగా చెప్పాలని ఈ కథనం. ఇవి దిగిపోవాల్సిన పేర్లేనని నా గట్టి నమ్మకం. ఎవరి మాట ముందు వినాలో తెలియకపోతే ఆ పనికి యాభై ఏళ్లు పడుతుందని కూడా ఈ రెండు ఊళ్లే చూపించాయి.

వాషింగ్టన్ జట్టు సాధన మైదానం వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉంది. తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డ ప్రాంతం అది. అదే లౌడన్ కౌంటీలో 2020లో ఒక హైస్కూలు, అంతర్యుద్ధ కాలంలో బానిసత్వం పక్షాన పోరాడిన దళాన్ని గుర్తుచేసే ‘రైడర్స్’ పేరు వదిలి ‘కెప్టెన్స్’ అయింది. అక్కడ పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్లు ఇలాంటి పేరు మార్పుల మీద జరిగే సమావేశాల్లో కూర్చోవాల్సి వస్తుంది, మాట్లాడాల్సీ వస్తుంది.

మొదటి పని, పాత పేరు ఎక్కడ పుట్టిందో తవ్వి తీయడం. ఎక్కడ గొడవ మొదలైనా ముందుగా వినిపించే మాట, “అది వాళ్లను గౌరవించడానికి పెట్టిన పేరు” అని. క్లీవ్‌లాండ్‌లో చాలా ఏళ్లు చెప్పుకున్న కథ ఇది: లూయిస్ సొకలెక్సిస్ అనే పెనాబ్‌స్కాట్ తెగ ఆటగాడు 1897 నుంచి 1899 దాకా ఆ ఊరి పాత జట్టుకు ఆడాడు, ఆయన జ్ఞాపకార్థమే ఇండియన్స్ అన్నారు. అసలు జరిగింది వేరు. నాప్ లాజొయ్ అనే పెద్ద ఆటగాడి పేరు మీద జట్టును అప్పటిదాకా ‘నాప్స్’ అనేవారు. ఆయన జట్టు వదిలి వెళ్లాక 1915లో కొత్త పేరు కావాలని యజమాని పత్రికల క్రీడా విలేకరులను అడిగాడు. అంతకు ముందు ఏడాదే బోస్టన్ ‘బ్రేవ్స్’ వరల్డ్ సిరీస్ గెలిచి ఉంది, ఆ తరహా పేర్లకు గాలి వీస్తోంది. ఆనాటి పత్రికలు తిరగేసిన పరిశోధకులకు గౌరవం కథకు తగ్గ ఆధారం దొరకలేదు. దొరికింది వేరే: సొకలెక్సిస్ ఆడిన రోజుల్లో ప్రేక్షకులు ఆయన్ని చూసి యుద్ధకేకల పేరుతో వెక్కిరింపు అరుపులు అరిచేవారని.

వాషింగ్టన్‌లోనూ ఇదే వరస. శిక్షకుడు మూలవాసి కాబట్టి ఆయన గౌరవార్థం ఆ పేరు పెట్టారని దశాబ్దాలు చెప్పుకొచ్చారు. పేరు పెట్టిన యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షలే, శిక్షకుణ్ని చూసి తాను ఆ పేరు ఎంచుకోలేదని 1933లో పత్రికలవాళ్లకు చెప్పాడు. నల్లజాతి ఆటగాళ్లను 1962 దాకా జట్టులోకి రానివ్వని మనిషి ఆయన. ఇవన్నీ గ్రంథాలయంలో పాత పత్రికలు చూస్తే బయటపడే సంగతులే. అందుకే ఎవరినీ ఓటు అడగకముందే ఈ పని చేయాలి. చరిత్ర బల్ల మీద ఉంటే వాదన ఊహల మీద సాగదు.

పేరుతోపాటు బొమ్మనూ పరిశీలించాలి. క్లీవ్‌లాండ్ టోపీల మీద ఉండే ‘చీఫ్ వాహూ’ను 1947లో 17 ఏళ్ల కుర్రాడు గీశాడు. తర్వాతి మార్పుల్లో ఆ ముఖం కణకణలాడే ఎరుపైంది. త్రికోణాల్లాంటి కళ్లు, ముఖంలో సగం ఆక్రమించిన పళ్లు, తల వెనక ఒకే ఒక ఈక. 70 ఏళ్లు పిల్లల టోపీల మీదా, చొక్కాల మీదా ఆ నవ్వు అలాగే ఉంది. పేరు సంగతి తేలకముందే, 2018 సీజన్ ముగిశాక, దాన్ని జెర్సీల మీద నుంచి తీసేశారు.

రెండో పని, ఆ పేరు ఎవరి మీద పడిందో వాళ్ల మాట వినడం. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. అమెరికా మూలవాసుల జాతీయ సంఘం ఇలాంటి బొమ్మలకూ పేర్లకూ వ్యతిరేకంగా 1968లోనే గొంతెత్తింది. 1972లో మూలవాసి ప్రతినిధులు వాషింగ్టన్ జట్టు అధ్యక్షుణ్ని నేరుగా కలిసి పేరు మార్చమని అడిగారు. జట్టు పాటలో కొన్ని మాటలు మారాయి, పేరు మారలేదు. క్లీవ్‌లాండ్‌లో ఏటా సీజన్ మొదలయ్యే రోజున స్టేడియం గేటు బయట మూలవాసులు అట్టలు పట్టుకుని నిలబడేవారు. పక్కనుంచి లోపలికి వెళ్లే అభిమానుల్లో కొందరు ముఖానికి ఎర్రరంగు పూసుకుని ఈకలు పెట్టుకుని ఉండేవారు. ఇంతకంటే దగ్గరగా వినే అవకాశం ఏముంటుంది?

వినడానికి బదులు చాలామంది లెక్క తీయబోయారు. 2016లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 504 మందిని ఫోన్‌లో అడిగి, మూలవాసుల్లో పదింట తొమ్మిది మందికి ఆ పేరుతో బాధ లేదని రాసింది. జట్టు యజమానికి అది గొప్ప అండ. 2020లో వెయ్యి మందికి పైగా మూలవాసులను వేరే పద్ధతిలో అడిగిన విశ్వవిద్యాలయ పరిశోధకులకు దాదాపు సగం మంది నొచ్చుకుంటున్నట్టు తేలింది. తెగ వ్యవహారాల్లో, ఆచారాల్లో పాల్గొనేవాళ్లలో ఆ బాధ ఇంకా ఎక్కువ. వీటిలో ఏది సరైన లెక్క అన్న వాదనలోకి నేను వెళ్లను. పదిమందిలో ఒక్కడు “నా ఒంటి రంగును ఆట చేయకండి” అన్నా ఆ మాటకు బరువుంటుంది. మూలవాసి విద్యార్థులకు ఇలాంటి బొమ్మలు చూపిస్తే వాళ్లకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గుతోందని స్టెఫనీ ఫ్రైబర్గ్ బృందం 2008లో చూపించింది. అంతకు మూడేళ్ల ముందే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం ఈ పేర్లూ బొమ్మలూ ఆపేయమని తీర్మానించింది.

సరిగ్గా అడగడమంటే ఏమిటో కళాశాల క్రీడల్లో కొంత కనిపిస్తుంది. 2005లో కళాశాలల క్రీడాసంఘం ఇలాంటి పేర్ల మీద ఆంక్షలు పెట్టినప్పుడు, ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం ‘సెమినోల్స్’ పేరు నిలుపుకోగలిగింది. ఫ్లోరిడాలోని సెమినోల్ తెగ తానుగా సమ్మతి ఇవ్వడమే దానికి కారణం. తెగకు ఎన్నికైన పాలకమండలి ఉంది, వద్దనే అధికారం ఉంది, దాన్ని కూర్చోబెట్టి అడిగారు. ఆ అధికారం ఇవ్వకుండా అడిగితే అది అడగడం కాదు.

మూడో దారి కోర్టు. ఇది పొడుగు దారి, దీని మీదే ఆధారపడితే మిగిలేది అలసటే. 1992లో సుజన్ షోన్ హార్జో, మరో ఆరుగురు కలిసి వాషింగ్టన్ జట్టు ట్రేడ్‌మార్క్‌ను రద్దు చేయాలని అర్జీ పెట్టారు. ఒక జాతిని కించపరిచే మాటలకు రిజిస్ట్రేషన్ ఇవ్వకూడదని అప్పటి చట్టం. 1999లో గెలిచారు. 2003లో జిల్లా కోర్టు సాక్ష్యం చాలదనీ, ఆలస్యంగా వచ్చారనీ తోసిపుచ్చింది. 2009లో సుప్రీంకోర్టు ఆ అప్పీలు విననంది. ఈలోగా నవాజో తెగకు చెందిన అమాండా బ్లాక్‌హార్స్ ముందు నిలిచి ఇంకో నలుగురు చిన్న వయసువాళ్లతో 2006లో మళ్లీ అర్జీ వేసింది. 2014లో ఆరు రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి, 2015లో జిల్లా కోర్టూ అవునంది. 2017లో ఒక ఆసియా అమెరికన్ సంగీత బృందం తన పేరు కోసం వేసిన వేరే కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కించపరిచే మాటల నిబంధననే కొట్టేసింది. దాంతో మూలవాసుల కేసు నిలవలేదు. పాతికేళ్ల పోరాటం. ఒకవేళ గెలిచి ఉన్నా జట్టుకు పోయేది రిజిస్ట్రేషన్ ఇచ్చే రక్షణే. పేరు వాడుకోవద్దని ఆ తీర్పు చెప్పలేదు. అయినా ఆ అర్జీల వల్ల సాక్ష్యాలన్నీ ఒకచోట చేరాయి, విషయం జనం నోళ్లలో నానింది. తర్వాత అవే పనికొచ్చాయి.

నాలుగోది డబ్బు. పేరు ఎప్పటికీ మార్చనని, కావాలంటే ఆ మాటను పెద్దక్షరాల్లో రాసుకోమని 2013లో చెప్పిన యజమాని డాన్ స్నైడర్. అధ్యక్షుడు ఒబామా మాట్లాడినా, 50 మంది సెనేటర్లు లేఖ రాసినా ఆయన కదల్లేదు. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపాక దేశమంతా జాతివివక్ష మీద కదిలింది. 620 బిలియన్ డాలర్ల ఆస్తులు చూసే 87 పెట్టుబడి సంస్థలు, వాటాదారులు కలిసి నైకీ, ఫెడెక్స్, పెప్సికోలకు లేఖలు రాశారు. అప్పట్లో స్టేడియం మీద తన పేరున్న ఫెడెక్స్ జులై 2న పేరు మార్చమని జట్టును బహిరంగంగా కోరింది. నైకీ తన వెబ్‌సైటులో ఆ జట్టు సరుకు కనపడకుండా చేసింది. జులై 3న జట్టు పరిశీలిస్తామంది, 13న పాత పేరు దించేస్తున్నామంది. అన్ని దశాబ్దాలు కదలనిది పదిహేను రోజుల్లోపే కదిలింది. డబ్బుకు కదిలినవాడు నీతికి కదల్లేదని బాధ కలుగుతుంది, కానీ ఆ లేఖల వెనక మూలవాసుల సంఘాలు ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. స్పాన్సర్ దగ్గరికి ఎవరో ఒకరు ఆధారాలతో వెళ్లాలి, వెళ్లింది వాళ్లే.

ఐదోది, కొత్త పేరు దొరకలేదన్న సాకుతో పాతదాన్ని ఉంచకపోవడం. ఇక్కడ వాషింగ్టన్ చేసిందే సరైన పని అంటాను. 2020 జులై 23న తాత్కాలికంగా ‘వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్’ అని పెట్టుకుని, హెల్మెట్ మీద బొమ్మ తీసేసి ఆటగాడి నంబరు వేసి, రెండు సీజన్లు అలాగే ఆడారు. ఆట ఆగలేదు, టీవీ ప్రసారం ఆగలేదు. క్లీవ్‌లాండ్ మాత్రం 2020 డిసెంబరు 14న మార్పు ఖాయమని చెప్పి, 2021 సీజన్ మొత్తం పాత పేరుతోనే ఆడింది. తప్పని ఒప్పుకున్న పేరును ఇంకో ఏడాది అమ్ముకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇక కొత్త పేరు. దీనిలో క్లీవ్‌లాండ్ పని చాలా బాగా చేసింది, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. దాదాపు 1,200 పేర్లతో మొదలుపెట్టారు. 40 వేల మంది అభిమానులను సర్వే చేశారు, ఊరి పెద్దలతో, ఉద్యోగులతో గంటల తరబడి మాట్లాడారు. అడిగినవాటిలో ముఖ్యమైంది, ఈ ఊరికి సొంతమైనదేమిటి అన్నది. జవాబు స్టేడియానికి వెళ్లే దారిలోనే ఉంది. కయహోగా నది మీద 1932లో తెరిచిన వంతెనకు రెండు చివర్లా రాతి స్తంభాలున్నాయి. నాలుగు స్తంభాలకు ఎనిమిది నిలువెత్తు మూర్తులు. ఒకరి చేతిలో గడ్డిబండి, ఒకరి చేతిలో గుర్రపుబగ్గీ, ఇంకొకరి చేతిలో కారు, మరొకరి చేతిలో లారీ; మనిషి ప్రయాణం ఎలా మారుతూ వచ్చిందో వరసగా పట్టుకుని నిలబడ్డారు. వాళ్లను ‘గార్డియన్స్ ఆఫ్ ట్రాఫిక్’ అంటారు. 1970లలో రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేయాలని కౌంటీ ఇంజినీరు పట్టుబడితే ఊరు నిలబెట్టుకుంది. జట్టు వాళ్ల పేరే తీసుకుని ‘గార్డియన్స్’ అయింది. ఆ మూర్తుల శిరస్త్రాణాలకున్న రెక్కలే కొత్త లోగోలో బంతికి రెక్కలయ్యాయి. జట్టు పాత రంగులైన ముదురు నీలం, ఎరుపు అలాగే ఉంచారు. ఊరి జ్ఞాపకం తెగలేదు, ఎవరి ముఖమూ టోపీ మీదకు ఎక్కలేదు.

పేరు కుదిరాక వెంటనే ట్రేడ్‌మార్క్ పని. ఇది గుట్టుగా సాగాలి. వాషింగ్టన్ పేరు మారుతుందని ఊహించి వర్జీనియాలో ఒకాయన అప్పటికే చాలా పేర్లకు దరఖాస్తులు పెట్టేసి ఉన్నాడు. ఎక్కువమంది అభిమానులు కోరుకున్న ‘రెడ్‌వుల్వ్స్’ వేరేవాళ్ల ట్రేడ్‌మార్కులు అడ్డురావడంతో జట్టు వదులుకోవాల్సి వచ్చింది. క్లీవ్‌లాండ్ తన దరఖాస్తును 2021 ఏప్రిల్‌లో మారిషస్‌లో పెట్టింది. అప్పట్లో అక్కడి రికార్డులు ఆన్‌లైన్‌లో వెతకడం కష్టం. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఒక దేశంలో దరఖాస్తు చేసిన ఆరు నెలల్లోపు ఇంకో దేశంలో చేస్తే మొదటి తేదీయే లెక్కకొస్తుంది. జులై 23న కొత్త పేరు లోకానికి చెప్పే రోజుకు వరసలో వాళ్లు ముందున్నారు. అయితే ఆ ఊళ్లోనే అదే పేరుతో ఒక రోలర్ డెర్బీ జట్టు చాలా ఏళ్లుగా ఉంది. వాళ్లు అక్టోబరులో కోర్టుకెక్కారు, నవంబరులో రాజీ కుదిరింది, ఇద్దరూ ఆ పేరు వాడుకోవచ్చు. పెద్ద జట్టు ముందే చిన్న జట్టుతో మాట్లాడి తేల్చుకుని ఉండాల్సింది.

పాత ట్రేడ్‌మార్క్‌నూ వదిలేయకూడదు. వాడకం ఆగిపోతే అది పోతుంది, పోతే ఎవరైనా ఆ బొమ్మతో సరుకు అమ్ముకోవచ్చు. అందుకే జెర్సీల మీద నుంచి తీసేశాక కూడా క్లీవ్‌లాండ్ వాహూ సరుకును స్థానికంగా కొద్దిగా అమ్ముతూ వచ్చింది. చట్టం తీరు అలా ఉంది. దాని మీద వచ్చే డబ్బు మూలవాసుల సంఘాలకు వెళ్లేలా ముందే రాసుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

ఆఖరి పని కాగితం మీద పెట్టడం. ఎవరెవరిని అడిగారు, వాళ్లేమన్నారు, పాత పత్రికల్లో ఏం దొరికింది, ఎందుకు మార్చారు అన్నవన్నీ ఒక ఫైలుగా ఉండాలి. యజమానులు మారతారు, బడి బోర్డు సభ్యులు మారతారు, పాత పేరు కావాలనే ఒత్తిడి మళ్లీ వస్తుంది. 2022 ఫిబ్రవరిలో ‘కమాండర్స్’ అయిన వాషింగ్టన్ జట్టును మరుసటి ఏడాది జోష్ హారిస్ బృందం 605 కోట్ల డాలర్లకు కొన్నది. 2025 జులైలో అధ్యక్షుడు ట్రంప్ రెండు జట్లూ పాత పేర్లకు తిరిగి వెళ్లాలని, లేకపోతే వాషింగ్టన్ కొత్త స్టేడియానికి అడ్డుపడతానని అన్నారు. కొత్త పేరే ఉంటుందని హారిస్ అప్పటికే చెప్పి ఉన్నారు. క్లీవ్‌లాండ్ జట్టు బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు క్రిస్ యాంటొనెటీ తమ దృష్టి ముందున్న కాలం మీదే అన్నారు. రెండు పేర్లూ మారలేదు.